పాత కంప్యూటర్లో మా మరిది

పోయిన నెల్లో ఒక సోమవారం పొద్దున షాపు తలుపులు తీసి, అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేశాను. రోజూ నిద్ర చాలని మనిషిలా గుర్రుమంటూ లేచేది, ఆ రోజు మూడు కూతలు కూసి ఊరుకుంది. మళ్ళీ నొక్కితే లేచింది గాని, తెర మూల తేదీ చూస్తే ఏనాటిదో జనవరి ఒకటి. నాలుగు రోజులుగా అదే వరస. ఎన్నిసార్లు సరిచేసినా మర్నాటికి అక్కడికే పోతోంది. పక్క మందుల షాపాయన తొంగి చూసి, పాపం దానికి మతిమరుపు వచ్చిందండి అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన వెళ్ళాక నాకు నవ్వు నిలవలేదు. ఆ కంప్యూటర్ ఏదైనా మరిచిపోతే బాగుండునని పదిహేడేళ్ళుగా అనుకుంటున్నదాన్ని నేనే.

అది మా ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళు. నరసాపురం బజారులో మా వారు ఫోటో స్టూడియో నడిపేవారు, పక్కన గది ఖాళీగా ఉంటే నేను డీటీపీ నేర్చుకుని ఈ షాపు పెట్టాను. మా మామగారికి మొదట్లో దానిమీద నమ్మకం లేదు. సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని, ఇవాళ వాన పడుతుందో లేదో చెప్పిందా అని అడిగేవారు. చెప్పదండీ అంటే, మరెందుకమ్మా అంత కరెంటు తినడం అనేవారు. తెల్లగా వచ్చిన డబ్బా ఇప్పుడు ముగ్గిన అరటితొక్క రంగుకు తిరిగింది. రెండుసార్లు దాని కడుపులో బల్లి గుడ్లు పెట్టింది. మా ఊళ్ళో జానెడు చోటు ఖాళీగా కనిపిస్తే దానిమీద లేసు గుడ్డ పడుతుంది కాబట్టి, మా తోటికోడలు మానిటర్‌కి ఒకటి, డబ్బాకి ఒకటి, కీబోర్డుకి ఒకటి అల్లి తొడిగింది. పెళ్ళికూతుర్ని చేసినట్టుండేది. అందులో నేను కొట్టని కార్డు లేదు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, వాటికంటే ఎక్కువగా పెద్దకార్యం కార్డులు. ఈ చుట్టుపక్కల పోయినవాళ్ళంతా ఇంటిపేర్ల వారీగా, పెట్టెల్లో సర్దినట్టు అందులో ఉన్నారు.

భీమవరం నుంచి బండి మీద వచ్చే మెకానిక్, నలభై దాటినాయన, మూత విప్పి టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు దులుపుకుని, డాక్టరు బంధువుల్ని పక్కకి పిలిచి చెప్పినట్టు చెప్పాడు.

"మూడు దార్లున్నాయండి మేడమ్. బోర్డు పోతోంది. అలాంటిదే పాతది దొరికితే వేయొచ్చు, ఆర్నెల్లు రావచ్చు, ఆరు రోజులే రావచ్చు. ర్యామ్ అదీ పెంచుదామంటే దీనికి సరిపడేవి ఇప్పుడు రావట్లేదు. కొత్తది తీసుకుంటే సుఖం. కాకపోతే మీ లాక్ దానికెక్కడ పెట్టాలో నాకూ తెలీదండి."

లాక్ అంటే డబ్బా వెనకాల పెట్టే అగ్గిపెట్టెంత ముక్క. అది లేకపోతే మా పాత తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. కొత్త కంప్యూటర్లకి అది పట్టే చోటే లేదు. ఆ ఫైళ్ళు వేరేచోట తెరిస్తే పేర్లన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలైపోతాయి. మా వారు పాతికేళ్ళుగా ఏ విషయంలోనూ తొందరపడనివారు, ఆ రోజు మాత్రం కొత్తది కొనెయ్యమన్నారు. నేను రిపేరు చేయించుదామన్నాను. కారణం మా మరిది.

మా మరిది నాకంటే ఆరేళ్ళు చిన్న. రైస్ మిల్లులో గుమాస్తా. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే ఎదుటివాళ్ళు నవ్వేవాళ్ళు, తను నవ్వేవాడు కాదు. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. మా తోటికోడలికీ అతనికీ మధ్య గొడవ అన్నది మా ఇంట్లో గోడలకి కూడా వినపడలేదు. ఆ ఏడు గోదావరికి మొదటి వరద ఎర్రనీళ్ళు వచ్చిన వారం, ఒక ఉదయం తల తడిపి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాతో షాపుకొచ్చాడు. పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి పెట్టు వదినా అన్నాడు. మా వారు ఏదో ఫంక్షన్ ఫోటోలకి వెళ్ళారు, స్టూడియోలో వాడే చిన్న కెమెరా నా దగ్గరే ఉంది. స్టూడియోలో అందరికీ తొడిగే నల్లకోటు వేసుకోమంటే వద్దన్నాడు. తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, అలవాటు కొద్దీ మొహం కాస్త తెల్లగా చేయబోయాను.

"ఎక్కువ తెల్లగా చెయ్యకు వదినా. గుర్తుపట్టరు" అన్నాడు.

ఎవరు గుర్తుపట్టరు అని నేను అడగలేదు. అది హాస్యమనుకుని నవ్వాను. ఎనిమిది కాపీలు కావాలన్నాడు. ఎందుకన్ని అంటే, ఉంటే పనికొస్తాయిగా అన్నాడు. కత్తిరించి చిన్న కవర్లో వేసిచ్చాను. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తట్టుకుని, సైకిలెక్కి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సాయంత్రానికి సైకిలు రేవు దగ్గర, తాళం వేసి ఉంది. తాళంచెవి దానికే ఉంది. పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాడని ఒకరు, మెట్ల మీద కూర్చుని కనిపించాడని ఒకరు అన్నారు. పంటు దిగడం గాని, నీళ్ళలోకి దిగడం గాని చూసినవాళ్ళు లేరు. పడవలు వేసుకుని అంతర్వేది దాకా వెతికారు. ఏమీ దొరకలేదు.

మొదటి రోజు నేను ఫోటోల సంగతి చెప్పలేదు, ఎందుకంటే వచ్చేస్తాడనుకున్నాను. వచ్చాక, ఇలా ఎనిమిది ఫోటోలు తీయించుకున్నాడు, ఎక్కడికో పోదామనుకున్నాడు అని పదిమందిలో అతన్ని తక్కువ చేయడం ఎందుకని. మూడో రోజుకి అందరూ నీళ్ళవైపే చూస్తున్నారు. అత్తగారు మంచం పట్టారు. అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. ఇంకో మాట కూడా నాకు నేను చెప్పుకునేదాన్ని. మొగుణ్ణి గోదారి తీసుకుపోయిన ఆడదాన్ని చూసి ఊరు జాలిపడుతుంది, మొగుడు వదిలేసి పోయినదాన్ని, నువ్వేం చేశావని అడుగుతుంది. మా తోటికోడలి మేలు కోసమే ఊరుకున్నానని అనుకునేదాన్ని. ఇప్పటికీ ఆ మాట సగం నిజం. మిగతా సగం భయం.

పోలీస్ స్టేషన్‌లో ఫోటో అడిగారు. ఇంట్లో ఫోటోలన్నీ నా దగ్గరే కాబట్టి నన్నే ఇవ్వమన్నారు. మూడు రోజుల కిందట తీసిన మొహం నా కంప్యూటర్లో ఉంది. అదిస్తే, ఎప్పుడు తీశారని అడుగుతారు. పెళ్ళి ఫోటో ఒకటి తీసుకుని, పక్కన పెళ్ళికూతుర్ని కత్తిరించి, అదిచ్చాను. ఆరేళ్ళ కిందటి మొహం, సన్నటి మెడ, నుదుటి మీద బాసికం. ఊళ్ళూ స్టేషన్లూ తిరిగిన కాగితం మీద ఉన్నది ఆ మొహమే. నేను చేసిన పని అది. దాన్ని మెత్తగా చెప్పడానికి పదిహేడేళ్ళలో నాకు మాట దొరకలేదు.

రెండేళ్ళు గడిచాక మా మామగారు ఒక సాయంత్రం షాపుకొచ్చి, వాడికి చేయాల్సినవి చేసేద్దామమ్మా, కార్డు కొట్టు అన్నారు. పంతులుగారు దర్భలతో బొమ్మ చేసి జరిపిస్తారట. నేను కొట్టాను. ఆ కార్డులో మాత్రం అతను వెళ్ళిన రోజు తీసిన ఫోటోయే పెట్టాను. చనిపోయినవాడి ఫోటో ఎప్పటిదని ఎవరూ అడగరు. పోయిన తిథి దగ్గర ఏం రాయాలో తెలియక చుక్కలు పెట్టాను. మా తోటికోడలు అప్పటికే షాపులో నాకు సాయానికి వస్తోంది. జెరాక్సు మిషన్ దగ్గర లేసు అల్లుకుంటూ కూర్చునేది, కంప్యూటర్ జోలికి వచ్చేది కాదు. ఆ రోజు లేచి నా వెనక నిలబడింది. తెరవైపు చూడలేదు, నా భుజం వైపు చూస్తూ చెప్పింది.

"అక్కా, అది అచ్చు వేయించకు. తీసెయ్యనూ వద్దులే. మావయ్యగారు బాధపడతారు. అలా ఉంచు."

అలాగే ఉంచాను. మామగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు, కర్మా జరగలేదు. మరో ఏడాదికి మామగారే పోయారు. ఆయన కార్డులో కొడుకుల పేర్లు కొట్టేటప్పుడు రెండో పేరు ముందు కీ.శే. పెట్టాలా వద్దా అని గంటసేపు కూర్చున్నాను. పెట్టలేదు. బంధువులు కార్డు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా తోటికోడలు ఆ కార్డు ఒకటి తన పెట్టెలో దాచుకుంది. ప్రపంచంలో ఎక్కడా మా మరిది చనిపోలేదు, నా కంప్యూటర్లో ఆ ఒక్క ఫైల్లో తప్ప. వాన కురిసే మధ్యాహ్నాల్లో షాపు ఖాళీగా ఉన్నప్పుడు నేను దాన్ని తెరిచేదాన్ని. ఆ తెరలోంచి నన్నే చూసేవాడు, ఇస్త్రీ చొక్కాలో, తడితలతో. దొంగతనం చేసిన మనిషిలా మూసేసేదాన్ని. వెనక జెరాక్సు మిషన్ పక్కన అల్లికసూది కదులుతూ ఉండేది.

చివరికి మా వారి మాటే నెగ్గింది. మెకానిక్ కొత్తది తెచ్చి పక్కన పెట్టి, పాతదానికి బిళ్ళలాంటి చిన్న బ్యాటరీ మార్చి, చచ్చేలోపల కావలసినవన్నీ ఇటు తెచ్చేద్దామండి అన్నాడు. తెలుగు కార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి బొమ్మల్లా మార్చి పంపాలి. కూర్చుని చేస్తున్నాం. పదకొండు గంటలప్పుడు కాలేజీ పిల్లలు గుంపుగా జెరాక్సులకి వచ్చారు. నేను మిషన్ దగ్గరికి వెళ్ళాను. మెకానిక్, ఏ ఫోల్డరు కావాలో చెప్పండమ్మా అని మా తోటికోడల్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆమె దాని ముందు కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె ఒక్కొక్క ఇంటిపేరు చదువుతోంది, అతను పంపుతున్నాడు. చదివే గొంతు ఆగిపోయింది. నేను కాగితాలు లెక్కపెట్టడం మధ్యలో మరిచిపోయాను.

వెళ్ళి చూస్తే మా ఇంటి ఫోల్డరు తెరిచి ఉంది. వరసగా చిన్న చిన్న ఫోటోలు, పక్కనే తేదీ, టైము. ఆమె వేలు ఒక వరస మీద ఉంది. ఆ తేదీ మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేనిది. తొమ్మిది నలభై రెండు.

"ఈ తేదీ నిజమేనా అక్కా?" అంది.

నేను అబద్ధం చెప్పాను. నోరు తెరవగానే అదే వచ్చింది. దీని తేదీలన్నీ తప్పే, రోజూ చూస్తున్నావుగా అన్నాను. మెకానిక్ మంచివాడు. నాకు సాయం చేస్తున్నాననుకుని, లేదు మేడమ్, బ్యాటరీ ఈమధ్యే పోయింది, అప్పటి ఫైళ్ళ డేట్లు కరెక్టేనండి అన్నాడు.

ఆమె ఫోటోని పెద్దది చేయమంది. తెర నిండా వచ్చాడు. చాలాసేపు చూసింది. ఏడవలేదు. పెళ్ళి ఫోటోల్లో అతను ఎక్కడా నేరుగా చూడడు. అంత ఎదురుగా అతన్ని ఆమె అప్పుడే చూసి ఉంటుంది.

"స్టేషన్‌లో ఇచ్చింది ఇది కాదుగా" అంది.

"కాదు" అన్నాను. ఎనిమిది కాపీల సంగతి, అతనన్న మాట, అన్నీ చెప్పాను. జెరాక్సుల పిల్లలు ఎప్పుడు వెళ్ళారో తెలీదు. మెకానిక్ టీ తాగొస్తానని బయటికి పోయాడు. ఆమె విన్నంతసేపూ మెడ వంచి చేతిలో అల్లికని చూసుకుంటూ ఉంది. మెకానిక్ తిరిగొచ్చాక, ఫోటో పంపండి, కార్డు వద్దండి అంది. పాత డబ్బాని అతను బండికి కట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ కార్డు దాంతోనే పోయింది.

మా తోటికోడలు మర్నాడూ పనికొచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఎప్పటిలాగే నాకు టీ పోసిచ్చింది. కాపురానికొచ్చిన కొత్తలో మీరు మీరు అంటుంటే, సొంత చెల్లెలివి, నువ్వు అనవే అని నేనే అలవాటు చేయించాను. ఇప్పుడు మీరు అంటోంది. టీ తీసుకోండి అంటోంది. పక్కవాళ్ళు వింటే మర్యాదే అనుకుంటారు.

మొన్న మధ్యాహ్నం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆ ఫోటో ఫోన్లలో అందరికీ పంపుతుందట. అయితే ఈ మొహంతో పంపితే లాభం లేదు, ఇప్పటి వయసుకి మార్చివ్వండి అంది. కొత్త కంప్యూటర్లో ఫోటో తెరిచాను. కళ్ళ కింద నీడ వేశాను. బుగ్గలు కొంచెం జార్చాను. జుట్టు పలచన చేస్తుంటే ఆమె తెరమీద వేలు పెట్టి చూపించింది.

"చెవుల దగ్గర ఇంకాస్త తెలుపు పెట్టండి. మావయ్యగారికి అక్కడే ముందు నెరిసింది."

పెట్టాను. నుదుటి మీద రెండు గీతలు గీస్తే, ఒకటి చాలంది. చెరిపాను. అతని మొహం మీద పదిహేడేళ్ళు పెట్టడానికి నాకు అరగంట పట్టింది. పూర్తయ్యాక తెర నల్లబడితే అందులో మేమిద్దరం కనిపించాం. మా మొహాల మీద ఆ పదిహేడేళ్ళు ఎప్పుడు వచ్చి కూర్చున్నాయో, పక్కపక్కనే ఉండి కూడా, ఒక్క రోజైనా నేను చూడలేదు.