చేతులు కడిగే తొట్టి పక్కన

బెంగళూరులో తక్కువ ఖర్చుతో మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందని నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. అంగడికి వచ్చేవాళ్ళు, బస్సులో పక్కన కూర్చునేవాళ్ళు, మా వీధిలో కొత్తగా దిగిన ఐటీ పిల్లలు. ఎవరో ఒకరు నన్ను చూపించి, ఆయనకు తెలుసు పో అని పంపిస్తారు. చెప్తాను. ఏ సందులో తిరగాలి, ఎన్ని గంటల్లోపు పోవాలి, ఏది అడగాలి, ఏది ముట్టుకోకూడదు, అంతా నోటికి వచ్చు. నేను మాత్రం పోను. దారిలో దోసె వాసన వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాను. ఎందుకని మా ఆవిడ అడిగితే గ్యాస్ట్రిక్ అని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది. ఈ రాసేదంతా దాని గురించే.

ఈ విద్య నేను ఒక్కడినే నేర్చుకున్నది కాదు. నేను బళేపేటలో గాజుల హోల్‌సేల్ అంగడిలో గుమస్తాను. ఎదురు వరుసలో హార్డ్‌వేర్ అంగడిలో తాళాలు, బోల్టులు, గొళ్ళేలు అమ్మేవాడు నా స్నేహితుడు. ఇద్దరివీ తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. ఆదివారం అంగళ్ళకు సెలవు. ఆ పొద్దున ఇద్దరం టిఫినుకు బయల్దేరేవాళ్ళం. ఇరవై ఏళ్ళకు పైగా సాగిందా తిరుగుడు.

మాకొక కట్టుబాటు ఉండేది. ఒక హోటల్లో ఒకటే తినాలి. అది అతను పెట్టిందే. "అన్నీ చేసేవోడికి ఒగటీ సరిగ్గా రాదప్పా" అనేవాడు. ఇడ్లీ ఒకచోట, వడ ఇంకోచోట, దోసె మూడోచోట. కాఫీ కోసం మళ్ళీ అర మైలు నడక. ఎక్కడైనా సరే ఒక ప్లేటు తీసుకుని ఇద్దరం పంచుకోవడం, కాఫీ అయితే బై-టు, ఒకటే రెండు గ్లాసుల్లో. అట్లా అయితేనే నాలుగు చోట్లకు కడుపులో జాగా ఉంటుంది. బళేపేట నుంచి మెజెస్టిక్ దాకా, అటు మార్కెట్టు దాకా మేము తొక్కని సందు లేదు.

నాకు కోపం ఎక్కువ. గోడ మీద తొంభై రకాల దోసెల పట్టీ కనిపిస్తే గుమ్మంలోంచే తిరిగొచ్చేసేవాణ్ణి. దోసెలో చీజు తురిమి పోసేవాళ్ళను, సాంబారును పాయసం చేసేవాళ్ళను, చెట్నీ ఇంకొంచెం వెయ్యమంటే మొహం ముడిచేవాళ్ళను వాళ్ళ మొహం మీదే తిట్టేవాణ్ణి. అతను నవ్వుతూ నా మోచెయ్యి పట్టి లాక్కుపోయేవాడు. అతని పరీక్ష వేరు. ప్లేటు రాగానే ఇడ్లీ ముట్టడు, ముందు వేలితో చెట్నీ ఒకటే నాకుతాడు. నాకి రెండు క్షణాలు ఊరుకుంటాడు. అప్పుడు తల ఊపితేనే నేను చెయ్యి పెట్టాలి. తల ఊపకపోతే ఆ వారమంతా నాకు ఆ హోటల్ వాడి మీద కసి.

అన్నిటికన్నా అతనికి ప్రాణం లోపల కూర పెట్టని ఖాలి దోసె. బళేపేట వెనక సందులో ఒక చిన్న దర్శిని ఉంది. కుర్చీలుండవు, ఎత్తు మేజాల దగ్గర నిలబడి తినాలి. ప్లేటుకు రెండు దోసెలు, దూదిలాగా మెత్తగా, పక్కన కుర్మాలాంటి కూరగాయల సాగు, పైన కరిగీ కరగని వెన్న ముద్ద. తలా ఒకటి. చేతులు కడిగే తొట్టి పక్కన ఉన్న మేజా మాది. నీళ్ళు చింది మీద పడతాయని అక్కడ ఎవరూ నిలబడరు. మాకు ఎప్పుడూ ఖాళీగా దొరికేది.

మూడేళ్ళ కిందట అతని కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. బళేపేట ఇల్లు ఖాళీ చేసి, భార్యతో సర్జాపుర రోడ్డులో కూతురి ఫ్లాటుకు వెళ్ళిపోయాడు. డాక్టరు ఉప్పు వద్దన్నాడు. టమాటా, కొబ్బరి, ఉర్లగడ్డ వద్దన్నాడు. నీళ్ళు కూడా గ్లాసుతో కొలిచి తాగాలి. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మిగిలిన పిప్పి వండి పెట్టేవాళ్ళు. చెట్నీ వేలితో నాకి హోటల్ జాతకం చెప్పే మనిషికి దేవుడు ఇంతకన్నా వెతికి శిక్ష వేయలేడు. చూడటానికి వెళ్తే ముద్ద నోట్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి మింగాడు. అప్పటికే సగమయ్యాడు.

ఆ రోజే నాకు పని అప్పగించాడు. "నువ్వు మానొద్దప్పా. ఆదివారం పో. తింటా తింటా నాకు ఫోన్ చెయ్యి. ఎట్లుండాదో చెప్పు. యాడికి పోవాల్నో నేను చెప్తా."

మొదట్లో నాకు సిగ్గేసింది. తినలేని మనిషి చెవిలో చప్పరించడమేమిటి? కానీ అతని భార్య నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "అన్నా, మీరు చెప్తాంటే ఆయప్ప పక్కన అన్నం తట్ట పెట్టుకుంటాడు. మీ మాట ఇంటా ఇంటా ఆ ఉప్పులేంది మొత్తం తినేస్తాడు. మిగతా దినాలు రెండు ముద్దలే." ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను.

అతను ఊరికే వినేవాడు కాదు. వకీలులాగా నిలదీసేవాడు. "సాగులో బటానీలు ఉండాయా, పేరుకి రెండు ఏసినాడా? వెన్న కరిగిందా? చెట్నీ నీళ్ళగా ఉండాదా?" నేను నమలడం ఆపి జవాబు చెప్పేవాణ్ణి. దోసె చల్లారిపోయేది. చుట్టూ డెలివరీ పిల్లలు సంచులతో తోసుకునేవాళ్ళు, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ప్లేటు పట్టుకుని పిచ్చివాడిలా నిలబడేవాణ్ణి. నిజం చెప్తున్నాను, నాకు ఏదీ రుచించలేదు. ప్లేటులో రెండో దోసె నాదీ కాదు, వదిలేయడానికీ మనసొప్పదు. ఎదురుగా తల ఊపేవాడు లేకపోతే అది బాగుందో లేదో కూడా నాకు తెలిసేది కాదు. ఇరవై ఏళ్ళు నాలుక నాది అనుకున్నాను. అతనిది.

పైగా నేనుండేది యలహంకలో. అక్కడి నుంచి సెలవు రోజున కూడా బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగాలి. ఒక ఆదివారం తెల్లారేసరికి కుండపోత వాన. అండర్‌పాస్ కింద నీళ్ళు నిలిచాయని బస్సులు రాలేదు. ఫోన్ చేసి, ఈ వారం కుదరలేదప్పా అని చెప్పొచ్చు. కానీ అతను తట్ట ముందు పెట్టుకుని కూర్చునుంటాడు. మంచం మీద కూర్చునే ఫోన్ చేశాను. "వచ్చేసినావా?" అన్నాడు. వచ్చేశానన్నాను. ఇడ్లీ ఎట్లుందో, అంచున ఆవిరి ఎట్లా లేస్తోందో చెప్పాను. అది నేను అక్కడ నిలబడి చెప్పినప్పటికన్నా బాగా వచ్చింది. అతను తృప్తిగా తిన్నాడు. నాకూ తేలికైంది.

తర్వాతి వారం వాన లేదు. అయినా పోలేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు, ఆ ఒక్క అబద్ధం పట్టుకుని మూడు నెలలు లాగాను. చప్పుడు లేకపోతే అనుమానపడతాడని స్టీలు గ్లాసు మీద స్పూనుతో కొట్టేవాణ్ణి. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, మనిషికి మతి పోయిందా అన్నట్టు తల తిప్పుకునేది. నేను అతనికి మేలే చేస్తున్నాననుకున్నాను. నిజానికి బద్ధకం. బద్ధకం, ఇంకా అతను లేని ఆ మేజాను చూడలేని పిరికితనం.

ఒక ఆదివారం ఖాలి దోసెకు పొమ్మన్నాడు. మంచం మీద నుంచి ఫోన్ చేశాను. అతని వెనక చాలా గోలగా ఉంది, ప్లేట్ల చప్పుడు, ఎవరివో అరుపులు. ఏమిటప్పా అంటే, "అల్లుడు టీవీ పెట్టినాడు" అన్నాడు. నేను స్పూను అందుకున్నాను.

"యాడ నిలబడుండావు?" అని అడిగాడు.

"ఎప్పుడూ నిలబడేచోటే. తొట్టి పక్కన."

"దోసె వచ్చిందా?"

"ఇప్పుడే వచ్చింది. వెన్న ఇంకా కరగలేదు. నీళ్ళు చింది భుజం మీద పడుతున్నాయి."

"ఎట్లుండాది?"

"బాగుందప్పా."

"తిను, తిను. చల్లారిపోతాది" అని పెట్టేశాడు. బటానీల సంగతి అడగలేదు. డయాలసిస్ నీరసమనుకున్నాను.

ఆ తర్వాత ఇంకో ఐదారు ఆదివారాలు మాట్లాడుకున్నాం. అతను నిలదీయడం మానేశాడు. నేను చెప్పింది చెప్పినట్టు వినేవాడు, ఊఁ కొట్టేవాడు, మధ్యలో సరే అనేవాడు. అనుమానం రాని మనిషికి చెప్పడం సులువని నేను ఇంకా కొంచెం కల్పించేవాణ్ణి. చివరి వారం, "ఎండ జాస్తిగా ఉండాదప్పా. వచ్చేవారం పోవద్దు. ఇంట్లోనే ఉండు. అయినా ఫోన్ చెయ్యి, సుమ్నే, ఊరికే మాట్లాడుకుందాం" అన్నాడు. అమ్మయ్య, ఈ నాటకం తప్పిందనుకున్నాను. అట్లా అనుకున్న మాట నాకు బాగా గుర్తుంది. ఆ వచ్చేవారం రాకముందే అతను పోయాడు.

పదకొండో రోజు కార్యం ఫ్లాట్ల కింద హాల్లో జరిగింది. ఆకులు వేసి ఒబ్బట్టు, కొబ్బరి కోరేసిన కోసంబరి, ఉర్లగడ్డ పల్య వడ్డించారు. అతనికి వద్దన్నవన్నీ వరసగా ఉన్నాయి. నేను విస్తరి ముందు కూర్చుని చెయ్యి పెట్టలేకపోయాను. అతని భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"తినండన్నా. మీరు తినకుంటే ఆయప్పకి బేజారవుతాది" అంది. విస్తరి నా వైపు జరిపి, "ఒగసారి మిమ్మల్ని చూద్దామని వచ్చినాం, తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"ఆ ఖాలి దోసె హోటల్‌కి. ఆదివారం పొద్దున లేస్తానే పట్టు పట్నాడు. వాడు తింటాంటే ఎదురుగా నిలబడి చూడాల, అంతే అన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు. ఆటోలో పిల్చుకోని పోయినా. ఆ తొట్టి పక్కన, మేజా పట్టుకోని నిలబడినాడు. మీరొచ్చేతలికి తయారుగా ఉండల్లని ఒగ ప్లేటు చెప్పి పెట్నాడు. అప్పుడే మీ ఫోనొచ్చింది. మీరేమన్నారో నాకు ఇనపళ్ళేదు. ఎప్పుడొస్తాడంట అని అడిగితే, వాడు వేరే హోటల్లో ఉండాడు, నేనే తప్పు చెప్పినా అన్నాడు."

నా చెవుల్లో గ్లాసు మీద స్పూను చప్పుడు మోగింది.

"దోసె చల్లారిపోతా ఉంటే నన్ను తినమన్నాడు. నేను తింటాంటే చూసినాడు. ఎట్లుండాది అన్నాడు. బాగుండాది అన్నా. వాడూ అదే చెప్పినాడు, అన్నాడు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, అనుమానం లేదు. ఆయన ఏం చెప్పాడో అదే నమ్మింది. అతను నా పరువు ఆమె దగ్గర కూడా కాపాడి పోయాడు. ఆ ఐదారు ఆదివారాలు ఉప్పులేని పిప్పి ముందు పెట్టుకుని, నా అబద్ధాలన్నీ తెలిసే విని, దాంతోనే తిన్నాడు. అప్పుడే, అక్కడే ఆమెకు చెప్పేయాలి. కాళ్ళు పట్టుకుని చెప్పేయాలి. నోరు తెరిచాను కూడా.

"ఆ పొద్దు మీరు యాడ తింటా ఉన్నిరన్నా?" అని ఆమె అడిగింది.

మెజెస్టిక్ దగ్గర ఒక హోటల్ పేరు చెప్పాను.

"ఆడ బాగుంటాదా?"

బాగుంటుందన్నాను.