జేజి చాకు మొన మీది వంక

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు వంకలు పెట్టడం నేర్పేవారు. నంద్యాలలో మా నాయనది ఇత్తడి సామాన్ల అంగడి, మా పెదనాయనది బట్టల అంగడి. ఆళ్లగడ్డలో మా జేజి, అంటే మా నాయన తల్లి, దువ్వెనలు, పిన్నీసులు, దారపుండలు పెట్టుకుని చిన్న అంగడి నడిపేది. కొనేటప్పుడు సరుకుకు వంక పెట్టాలి, అమ్మేటప్పుడు సరుకుకున్న వంక కప్పిపెట్టాలి. ఈ రెండు ముక్కలూ వస్తే ఆ ఇంట్లో పిల్లకు చదువు వచ్చినట్టే.

నాకు బాగానే వచ్చింది. పదకొండేళ్లకే నేను కూరగాయలకు పోతే వంకాయకు కూడా వంకలు పెట్టేదాన్ని. తొడిమ వాడింది, రంగు వెలిసింది, ఇది లోపల పుచ్చు, అది బయట మచ్చ. చివరికి గంప ముందు కూర్చున్న ముసలామె, "తీసుకోని పో తల్లీ, నువ్వు ఇంకాసేపు ఈడనే నిలబడితే నా వంకాయలను చూసి నాకే అసయ్యం పుడతాది" అని ఇచ్చేసేది. దాన్ని నేను పొగడ్త అనుకునేదాన్ని. ఇప్పటికీ సగం అట్లాగే అనుకుంటాను.

డెబ్బైల మొదట్లో, ఒక ఎండాకాలం సెలవులకు నన్ను ఆళ్లగడ్డ పంపారు. ఆ సెలవుల్లో మా జేజి నాకొక మాట ఇచ్చింది. సోమవారం నుంచి పొద్దున పూట అంగట్లో గల్లాపెట్టె పక్కనున్న పీట మీద నేను కూర్చోవచ్చు, వచ్చినవాళ్లతో నేనే బేరమాడవచ్చు. మా వంశంలో ఆడపిల్లకు ఆ పీట దక్కడం అదే మొదటిసారి. అంతకు ముందు దాని మీద కూర్చున్న మగపిల్లలందరికీ నాకంటే మీసాలు తప్ప ఎక్కువేమీ లేవని నా గట్టి నమ్మకం. మాట ఇస్తూ జేజి ఒక మెలిక కూడా పెట్టింది. "దుడ్లు ఎంచడం ఎవురికైనా వస్తాది. చేతి మింద నమ్మకం ఉండాల. అది పోయిందంటే పీట దిగి మీ నాయన కాడికి బస్సెక్కడమే."

శనివారం పొద్దున జేజి యాగంటి గుడికి బయలుదేరింది. మొక్కు ఉంది. తిరిగొచ్చేదాకా వక్కాకు, అదే తాంబూలం, నోట్లో వేయనని ఆమె నియమం. అందుకే ప్రాణంతో సమానమైన వక్కాకు సంచిని మొట్టమొదటిసారి ఇంట్లో వదిలిపెట్టి, ఆదివారం సాయంత్రానికి వస్తానని బస్సెక్కింది. మా చిన్నమ్మ నన్ను చూసుకోవాలి. ఆమె నన్ను చూసుకుంటూ నిద్రపోయింది.

ఆ సంచిలో ఒక చాకు ఉండేది. ఎనుము కొమ్ముతో చేసిన నల్లటి పిడి, వేలెడంత అలుగు, మడిస్తే పిడిలోకి పోయి పడుకునేది. ఆకు ఈనె తీయడానికీ, కొబ్బరిముక్క చీల్చడానికీ, సున్నపు కాయలోంచి సున్నం తీయడానికీ జేజికి అదొక్కటే. మా తాతయ్య పోయిన తర్వాత ఆయన వస్తువుల్లో ఆమె దగ్గర పెట్టుకున్నది ఆ చాకు మాత్రమే. దాన్ని ముట్టుకోవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. నిప్పును ముట్టుకోవద్దని కూడా చెప్పలేదు కదా.

అరుగు మీద సోడాబండి అతను వదిలిపోయిన ఖాళీ గోళీసోడా సీసాలు ఉన్నాయి. సీసా గొంతులో ఆ నీలం గోళీ అటూ ఇటూ దొర్లుతూ నన్ను పిలిచింది. సీసా మూతికి ఉండే రబ్బరు చుట్టను పెకిలిస్తే గోళీ వస్తుందని నా లెక్క. చాకు మొన రబ్బరు కింద దూర్చి, పిడి మీద నా బరువంతా వేశాను. రబ్బరు కదల్లేదు. చాకు మాత్రం ఒక్కసారిగా జారి నాపరాయి అరుగు అంచుకు ఠంగుమని తగిలింది.

ఎత్తి చూశాను. కోసే అంచు మీద, మొనకు దగ్గరగా, బియ్యపు గింజంత గంటు పడింది. మొన ఒక పక్కకు వంగింది. మడిస్తే పిడికి రాసుకుని కిర్రుమంటోంది. అంతకు ముందు నేను ఆ చాకును వందసార్లు చూసి ఉంటాను, కానీ దాని మొన ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. పాడు చేశాకే కదా మనిషి వస్తువును సరిగా చూసేది.

బస్టాండు పక్కన సాన పట్టే సాయిబు తాత ఒకాయన ఉండేవాడు. కాలితో తొక్కే సాన చక్రం, ముందర తాళాలు, గొడుగు ఊచలు, కత్తెరలు. చిన్నమ్మ నిద్ర లేవకముందే ఆయన దగ్గరికి పరుగెత్తాను. దారిపొడవునా ఒకటే ఆలోచన. ఇది కొనడం కాదు, అమ్మడం కాదు, బాగు చేయించుకోవడం. ఇక్కడ వంక పెట్టాలా, కప్పిపెట్టాలా? మా ఇంటి చదువులో ఈ పాఠం లేదు. వంకలు చెబితే కూలి ఎక్కువ అడుగుతాడు, పైగా ఎట్లా అయిందని అడుగుతాడు. కాబట్టి అమ్మేవాళ్ల పాఠమే ఎంచుకున్నాను.

"ఊరికే సాన పట్టు తాతా. చాకుకేం కాలేదు. బంగారట్ల ఉంది" అన్నాను.

ఆయన ఒక కన్ను మూసి, చాకును ఎండకు ఎత్తి చూశాడు. "ఈ గంటు ఏందీ పాపా?"

"గంటు కాదు, గుర్తు. మా జేజి చాకు అని తెలిసేదానికి పెట్టించుకున్యాది."

"ఓహో. మొన వంగిందే?"

"వంగలే. అట్లే చేయించినారు. సున్నం తీసేదానికి వీలుగా ఉంటాదని."

"మరి మడిస్తే కిర్రంటాది?"

"దొంగలెవరైనా తెరిస్తే మాకు వినపడాల కదా."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. నన్ను చాలా గౌరవంగా చూశాడని అప్పుడు అనుకున్నాను. "శానా తెలివైన చాకు. అట్లయితే గుర్తు చెరపను, మొన ముట్టను, అరుపు మానిపించను. వట్టి సాన. అర్ధరూపాయి." నేను పావలా అన్నాను. ఆయన మారుమాట లేకుండా సరే అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్న బేరం ఎప్పుడూ మంచిది కాదని మా పెదనాయన చెబుతుండేవాడు. గెలుపు మత్తులో ఆ మాట గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి ఒక ఆకు తీసుకుని ఈనె మీద చాకు పెట్టి లాగాను. మిగతా అంచు వెన్నలో పోయినట్టు పోయింది. గంటు దగ్గరికి రాగానే ఆకు పట్టుకుని పర్రున చిరిగింది. అలుగు మొద్దుగానే ఉండి ఉంటే ఆ గంటు అంతగా తెలిసేదే కాదు. ఇప్పుడు చుట్టూ పదును పెరిగేసరికి దాని పని అది ఇంకా బాగా చేస్తోంది. మడిస్తే కిర్రుమంది. నేను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ ఆ తాత భద్రంగా సాన పట్టి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే మళ్లీ పోయాను. చేతిలో దుడ్లు లేవు, నోట్లో బేరం లేదు.

"ఏందమ్మా, బంగారు చాకు మళ్లొచ్చిందే?"

"నువ్వు సరిగ్గా చేయలే తాతా."

"నువ్వు చెప్పిందే చేసినా కదా. చెప్పనిది చేస్తే, ఎవురు చేయమన్యారని నువ్వే నన్ను తిడతావు."

ఆ మాటకు ఏమనాలో కొనేవాళ్ల పాఠంలోనూ లేదు, అమ్మేవాళ్ల పాఠంలోనూ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. గోళీసోడా, రబ్బరు చుట్ట, నాపరాయి, యాగంటి, పీట అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేశాయి. ఆయన నవ్వలేదు. చక్రం తొక్కడం ఆపి, "ఇప్పుడు చెప్పినావు. కొనేటప్పుడు వంక పెట్టు, అమ్మేటప్పుడు దాచుకో, అది మీ అంగళ్లోళ్ల ఇష్టం. బాగుచేసేవాని కాడ దాస్తే మాత్రం నష్టం నీకే పాపా" అన్నాడు.

చక్రం మీద పెట్టి ఒక్క నిమిషంలో గంటు తీసేస్తాడనుకున్నాను. ఆయన చక్రం వైపే చూడలేదు. చక్రం మీద గంటు పోయేదాకా అరగదీస్తే గంటుతో పాటు సగం చాకు పోతుందట. నున్నటి సానరాయి మీద నీళ్లు చల్లి, అలుగును ఏటవాలుగా ఆనించి, ఈ పక్క పదిసార్లు, ఆ పక్క పదిసార్లు, మెల్లగా తోశాడు. మధ్యమధ్య గోటి మీద ఆనించి చూసుకున్నాడు. బియ్యపు గింజ నువ్వు గింజంత అయ్యాక ఆపేశాడు.

"ఇంకా ఉంది తాతా!"

"ఉండనీ. ఇప్పుడిది ఆకును పట్టదు. సాన పట్టినప్పుడంతా ఇంత అరుగుతా అదే పోతాది. ఉన్న గంటునంతా ఇయ్యాలే తీయాలనుకునేటోళ్లకు కత్తులు మిగలవు."

తర్వాత మొన. సుత్తి తీస్తాడేమో అని కళ్లు మూసుకున్నాను. ఆయన రెండు వేపచెక్కల మధ్య మొనను పెట్టి, బొటనవేలితో కొంచెం ఒత్తి, తీసి చూసి, మళ్లీ ఒత్తాడు. మడిస్తే చప్పుడు లేకుండా పిడిలోకి పోయింది. నేను తెరిచి, ఆయనలాగే ఒక కన్ను మూసి చూశాను. మొనలో ఇంకా కొద్దిగా వంక ఉంది. అలవాటు చొప్పున వేలు పెట్టి చూపించాను.

అప్పుడు నవ్వాడాయన. "అది నీది కాదు. మీ జేజిది. సున్నం తీసేదానికి వీలుగా ఉంటాదని ఆమే అడిగితే, నేనే వంచిచ్చినా. నువ్వు పుట్టకముందు."

నిన్న నేను చెప్పిన మూడు అబద్ధాల్లో ఒకటి నిజం! ఆ చాకును ఆయన నాకంటే ముందునుంచీ ఎరుగును. నేను బంగారమని అమ్ముతున్న సరుకును, దాన్ని చేతులతో వంచిన మనిషికే అమ్మబోయాను.

"నీ వంక ఏదో నువ్వు చెప్పకపోతే, ఇన్నేండ్లకు ఎంత ఆమెదో ఎంత నీదో తెలీక మీ జేజి వంక కూడా తీసేసేవాణ్ని కదా" అన్నాడు. కూలి ఎంత అని అడిగాను. "మీ జేజికి నువ్వే చెప్పు. అదే కూలి."

"సగం చెప్తా తాతా. గంటు సంగతి చెప్తా, గోళీ సంగతి వద్దు."

"సగం చెప్తే, మొన మళ్లా వంచి ఇస్తా. కావాల్నా?"

ఆ బేరంలో నేను ఓడిపోయాను.

సాయంత్రం జేజి బస్సు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా, "సంచి యాడుంది?" అంది. సంచి చేతికిచ్చాను. ఆమె చాకు తెరిచి, మొనతో సున్నం తీసి, ఆకుకు రాసి, ఈనె మీద చాకు లాగింది. ఎక్కడా పట్టుకోలేదు. ఆకు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమెకేమీ తెలియలేదు. నేను నోరు మూసుకుని ఉంటే సోమవారం పీట నాదే. ఆ క్షణంలో నాలోని అంగడి మొత్తం, ఇది లాభసాటి బేరం, నోరు మూసుకో అని అరిచింది. కానీ కూలి ఎగ్గొట్టే అలవాటు మాత్రం మా ఇంట్లో లేదు. చెప్పేశాను. అంతా చెప్పాను.

జేజి సగం నమిలిన ఆకును బుగ్గన పెట్టుకుని, చాకు మళ్లీ తెరిచి మొన చూసింది. నేను నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టే ఉంది నాకు.

"గోళీ వచ్చిందా?"

"రాలేదు జేజీ."

"ఇంత చేసి గోళీ కూడా తేలేదా! నువ్వు అంగడి ఏం నడుపుతావే?" అని, పక్కకు తిరిగి ఉమ్మి, "రేపు తొందరగా లెయ్. పీట మింద దుమ్ము తుడుసుకో" అంది.

ఆ పీట మీద కూర్చోవడం మొదలుపెట్టి, తర్వాత నేనే అంగడి పెట్టుకుని, మనవళ్లకు పీట ఇచ్చే వయసుకు వచ్చాను. వంకాయలకు ఇప్పటికీ వంకలు పెడతాను, అది నా వృత్తి ధర్మం. కానీ వైద్యుడి ముందు కూర్చుంటే మాత్రం, మోకాలి నొప్పి దగ్గర మొదలుపెట్టి, ఆయన వద్దన్న ఊరగాయ దొంగతనంగా తిన్నదాకా అన్నీ చెప్పేస్తాను. ఆయన పాపం గడియారం చూసుకుంటాడు. ఇంట్లో ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చినప్పుడు ముందు నా గంటు ఏదో వెతుక్కుంటాను. మొదట దొరకదు, అయినా వెతుకుతాను. చివరికి ఎప్పుడూ దొరుకుతుంది.

ఆ చాకు ఇప్పుడు నా దగ్గరే ఉంది. నువ్వు గింజంత గంటు ఏ ఏట అరిగిపోయిందో నేను గమనించనేలేదు. మొన మీద కొద్దిపాటి వంక మాత్రం అట్లాగే ఉంది. సాన పట్టేవాళ్లు మారినప్పుడల్లా, కొత్తవాడు ఆ మొన చూసి, "దీన్ని కూడా సరిచేయనా అమ్మా?" అని అడుగుతాడు. వద్దంటాను. అది నాది కాదు.