సీట్ల కింద తీర్పు

సినిమా ఎలా ఉందో తెలుసుకోవాలంటే అందరూ తెర వైపు చూస్తారు. పిన్ని నేల వైపు చూస్తుంది.

ఆ హాల్లో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. గేటు దగ్గర టికెట్లు చింపే ముసలాయన నుంచి మేడమీది గదిలో కూర్చునే ఓనరు దాకా అందరికీ పిన్నే. ముప్పయ్యేళ్ళుగా అదే చీపురు పని, అవే ఏడువందల సీట్లు. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదంటే నమ్మడం కష్టమే గానీ, నిజం. "తెర మరిగితే నేల కనబడదమ్మా" అనేది ఎవరడిగినా.

నేలమీద కనబడేదేమిటంటే, పాప్‌కార్న్ పొట్లాలు. ఆట వదిలాక పొట్లాలన్నీ ఖాళీగా, నలిగి పడి ఉంటే ఆ సినిమా నడవదు. విసుగొచ్చిన మనిషికి నోరు ఊరుకోదు కదా. పొట్లం సగంలో ఆగిపోయి గింజలు అలాగే మిగిలాయంటే, ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళే దారి మరిచిపోయిందన్నమాట. ఆ సినిమాకి ఢోకా లేదు. రెండో గుర్తు టికెట్టు ముక్కలు. చేతికి పని లేనివాడు కాయితం చింపుతాడు. సీటు కింద గోరంత గోరంత తునకలు రాలి ఉంటే, ఎంత కొమ్ములు తిరిగిన హీరో అయినా రెండోవారం గట్టెక్కడు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది పాత ఓనరు. పోయిన ఆ పెద్దాయన ప్రతి కొత్త సినిమాకీ మొదటి ఆట వదలగానే కిందికొచ్చి, "ఏమంటోంది పిన్నీ, నేల?" అని అడిగేవాడు. ఆయన కొడుకు, ఇప్పటి చిన్నబాబు, మొదట్లో నవ్వేవాడు. రెండేళ్ళ క్రితం వేసవిలో ఒక పెద్ద సినిమా వచ్చింది. దానికి పోసిన డబ్బుతో ఊరు కట్టొచ్చన్నారు. మొదటిరోజు హాలు కిటకిటలాడింది. పిన్ని టికెట్టు తునకలు చేటడు ఎత్తి, "వద్దు బాబూ" అంది. వినలేదు. నాలుగు వారాలకి ఒప్పుకున్నాడు. మూడోవారం కల్లా ఏడువందల సీట్లలో పదకొండు మంది, వాళ్ళలో ఇద్దరు నిద్ర.

"అంత జనం వచ్చారు కదా పిన్నీ మొదట్లో?" అన్నాడు చిన్నబాబు తల పట్టుకుని.

"మొదటి మూడు రోజులూ పోస్టరు ఆడిస్తుంది బాబూ. నాలుగోరోజు నుంచి పక్కింటావిడ ఆడిస్తుంది. చూసొచ్చిన పక్కింటావిడ 'ఏముందిలే' అందంటే, ఇక ఎవరొస్తారు? ఎండాకాలం మరీ మోసం. సగం మంది చల్లగాలి కోసం వస్తారు. బడి లేని పిల్లల్ని ఇంట్లో భరించలేక తెచ్చి కూచోబెట్టేవాళ్ళు ఇంకొందరు. వాళ్ళని చూసి హాలు నిండిందనుకుంటే, వానకి మన చూరు కింద నిలబడ్డవాళ్ళని చూసి చుట్టాలొచ్చారని మురిసిపోయినట్టే."

మరుసటి వేసవి కూడా దెబ్బే తగిలింది. ఇక ఈ ఏడు చిన్నబాబు తేల్చి చెప్పేశాడు. ఇంకొక్క వేసవి ఇలా పోతే సీట్లు పీకించి హాలుని సరుకుల గోదాముకి ఇచ్చేస్తాడు. హాల్లో పనిచేసే పద్నాలుగు మందీ ఆ మాట విన్నారు. అందులో పదమూడో మనిషీ పద్నాలుగో మనిషీ పిన్ని కూతురూ అల్లుడూను. తను పనిచేసే అట్టపెట్టెల షెడ్డు మూతబడి అల్లుడు ఖాళీగా కూర్చుంటే, పిన్నే చిన్నబాబు కాళ్ళావేళ్ళా పడి ఈ వేసవికి క్యాంటీను ఇప్పించింది. నెలరోజులు చూసి, బాగుంటే ఉంచుతానన్నాడాయన.

అలాంటి వేళ ఒక శుక్రవారం ఈ ఏటి పెద్ద సినిమా దిగింది. మొదటి వారం ఎలాగూ ఖాయమే. తర్వాత మూడు వారాలు కూడా ఉంచుకుంటారా లేదా అన్నది మొదటిరోజు సాయంత్రం నాలుగింటికల్లా సంతకం పెట్టి చెప్పాలని సినిమా ఇచ్చే కంపెనీ పట్టుబట్టింది. వద్దంటే వెనకవీధి హాలువాళ్ళు ఎగరేసుకుపోతారు. ఆడితే ఆ హాలు బతుకుతుంది. ఉంచుకున్నాక ఆడకపోతే ఇది గోదాము. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొద్దుటి ఆట రెండింటికి వదిలింది. మధ్యాహ్నం ఆట రెండున్నరకి. మధ్యలో ఉన్న ఆ అరగంటలో పిన్ని చీపురు పట్టుకుని లోపలికి వెళ్ళింది. మెట్ల మీద చిన్నబాబు నిలబడి ఉన్నాడు. పైకి పోడు, కిందికి దిగడు.

మొదటి వరస, రెండో వరస, మూడో వరస. పొట్లాలు నిండుగా ఉన్నాయి! సగం తిన్నవి కూడా కావు, నాలుగు గింజలు తిని వదిలేసినవి. పిన్ని గుండె ఒక్కసారి ఎగిరింది. ఇంత నిండుగా నేల ఎప్పుడూ కనబడలేదు. పైగా ఎన్ని పొట్లాలు! అల్లుడి క్యాంటీను ఇన్ని అమ్మిందన్నమాట. ఆ సంతోషం, ఈ సంతోషం కలిసి కాళ్ళు నేలమీద ఆగలేదు. వెనక వరసలు గబగబా ఊడ్చేసి, చెత్తంతా నాలుగు గోనెల్లోకి తోసి, మెట్ల దగ్గరికి పరిగెత్తింది.

"ఉంచు బాబూ. పొట్లాలు ముట్టుకోలేదు జనం."

చిన్నబాబు మొహంలోకి రక్తం వచ్చింది. "నిజంగానా పిన్నీ?"

"నేల అబద్ధమాడుతుందా?"

ఆట మొదలయ్యాక పిన్ని ఎప్పటిలాగే పక్కమెట్ల కింద కూర్చుని గోనెలు కుమ్మరించింది. కాయితం ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు, తిండి ఒకవైపు వేరు చెయ్యడం ఆవిడ పని. రెండో గోనె అడుగున చెయ్యి పెట్టేసరికి మెత్తగా ఏదో వేళ్ళకి అంటుకుంది. బయటికి తీసింది. టికెట్టు తునకలు. గోరంత గోరంత. ఇంకో గుప్పెడు తీసింది. అవే. మూడో గోనెలోనూ అవే.

పిన్ని గుప్పెడు తునకలు తీసి పొట్లాల పక్కన పెట్టింది. నిండు పొట్లం సినిమా బాగుందంటుంది. తునక బాగాలేదంటుంది. ముప్పయ్యేళ్ళలో ఈ రెండూ ఒకే నేలమీద ఎన్నడూ కలవలేదు. రెంటిలో ఒకటి అబద్ధమాడుతోంది.

అంతసేపూ తోచని పని అప్పుడు తోచింది. ఎవరి చెయ్యీ పడని పొట్లం ఒకటి ఏరి, అందులోంచి ఒక్క గింజ తీసి నోట్లో వేసుకుంది. నమిలిందో లేదో ఉమ్మేసింది. చేదు. కాలం చెల్లిన నూనె కంపు.

క్యాంటీనులో అల్లుడు గ్లాసులు కడుగుతున్నాడు. కూతురు కొత్త పొట్లాలు కడుతోంది.

"అల్లుడుగారూ, ఏ నూనె వాడుతున్నారు?"

"ఏం అత్తయ్యా? పాత క్యాంటీనాయన వదిలేసిన డబ్బాలు రెండున్నాయి, అవే. పారెయ్యడం దేనికని."

"నోట్లో పెట్టి చూశారా?"

"అమ్మేవాడు తింటూ కూచుంటే క్యాంటీను సాగుతుందా?" అని నవ్వబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయాడు.

పిన్ని విషయం చెప్పింది. కూతురు పొట్లాలు వదిలేసి తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఇప్పుడు నువ్వు పైకెళ్ళి ఈ మాట చెబితే రేపీపాటికి మేం వీధిలో ఉంటాం. సినిమా ఆడొచ్చుగా! నీ తునకలు తప్పవకూడదా?"

"తప్పయితే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు."

"మరైతే నోరు మూసుకో. ఒక్కసారి. నాకోసం."

గోడ గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది. పిన్ని చెయ్యి విడిపించుకుని హాలు తలుపు దగ్గరికి నడిచింది. పెద్ద తలుపు సందులోంచి చీకట్లోకి దూరి, తెరకి వీపు పెట్టి నిలబడింది. వెనక ఏవో కూలుతున్నాయి, పేలుతున్నాయి, సముద్రాలు లేస్తున్నాయి. ఒక్కో చప్పుడుకి లక్షలు పోసి ఉంటారు. ఆ వెలుతురులో జనం మొహాలు చూసింది. నోళ్ళు తెరిచి ఉన్నాయి, నిజమే. ఆవలింతలతో. మూడో వరసలో ఒక సెల్‌ఫోన్ వెలిగింది. ఆరో వరసలో రెండు. చూస్తుండగా ముప్పై, నలభై, మిణుగురులు లేచినట్టు. ఒక తల్లి ఒడిలో పిల్లాడు, "అమ్మా, ఇంటికెళ్దాం" అంటున్నాడు. "ఉండరా, బయట ఎండ" అంటోంది తల్లి.

ఇంకేం కావాలి? పిన్ని మేడమెట్లెక్కింది.

గదిలో కంపెనీ మనిషి ముందే వచ్చి కూర్చున్నాడు. బల్లమీద కాయితాలు పరిచి ఉన్నాయి. చిన్నబాబు కలం మూత తీసి పట్టుకున్నాడు.

"బాబూ, ఒక్క నిమిషం. సంతకం పెట్టకు."

కంపెనీ మనిషి పిన్నినీ, చేతిలోని చీపురునీ చూశాడు. "ఎవరండీ ఈవిడ?"

"మా పిన్ని" అన్నాడు చిన్నబాబు. "ఏమైంది పిన్నీ? ఇందాక ఉంచమన్నావుగా?"

"తప్పు చెప్పాను."

కంపెనీ మనిషికి నవ్వొచ్చింది. "ఏంటండీ ఇది! రెండేళ్ళు తీశాం ఈ సినిమా. అయిదొందల మంది పనిచేశారు. బయట టికెట్లు దొరక్క జనం కొట్టుకుంటుంటే, ఊడ్చే ఆవిడ చెబుతుందా ఆడుతుందో లేదో?"

"బాబూ, కుండ ఎంత పెద్దదైతేనేం, దప్పికైనవాడు వెతికేది లోపల నీళ్ళు" అంది పిన్ని. "లోపల జనం ఆవలిస్తున్నారు. కావాలంటే మీరే వెళ్ళి చూడండి. తెరని కాదు, మొహాల్ని."

చిన్నబాబు కలం బల్లమీద పెట్టాడు. "అది సరే. మరి ఇందాక పొట్లాలు నిండుగా ఉన్నాయన్నావే? నేల అబద్ధమాడదన్నావే?"

పిన్ని నోరు తెరిచింది. అప్పుడే గుమ్మంలో అలికిడయింది. అల్లుడు. కంపెనీ మనిషి చెప్పిన టీ తెచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు గ్లాసులు. మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. అత్తగారి వైపే చూస్తున్నాడు.

ఒక్క అబద్ధం చాలు. చత్వారమొచ్చిందని చెప్పొచ్చు, మందబుద్ధి అనిపించుకోవచ్చు. కానీ అలా చెబితే ఆవిడ మాటకి విలువ పోతుంది. విలువలేని మాట విని చిన్నబాబు సంతకం ఎందుకు ఆపుతాడు? నిజం ముక్కలుగా చెబితే పనిచెయ్యదు.

"ఇందాక నేను చూసింది సినిమా గుణం కాదు బాబూ, నూనె గుణం" అంది. "క్యాంటీనులో పాత డబ్బా నూనె వాడారు. పాప్‌కార్న్ చేదు. అందుకే జనం తినలేదు. నేను సంబరపడి టికెట్టు తునకలు చూడకుండా ఎత్తేశాను. తప్పు మా అల్లుడిది సగం, నాది సగం."

పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. కింద హాల్లోంచి ఏదో కోట కూలిన చప్పుడు వచ్చింది.

చిన్నబాబు కాయితాలు ఒద్దికగా మడిచి కంపెనీ మనిషి వైపు తోశాడు. "మాకు మొదటి వారం చాలండి."

"రేపు ఏడుస్తారు" అన్నాడు కంపెనీ మనిషి లేస్తూ. టీ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. అది చూసి పిన్నికి, ఇంత గండంలోనూ, ఈ టీ ఎలా ఉందో అన్న అనుమానం వచ్చింది.

చిన్నబాబు అల్లుడి వైపు తిరిగాడు. "ఆ డబ్బాలు ఇప్పుడే మురిక్కాలవలో పొయ్యి. నీ సంగతి సోమవారం చూద్దాం."

శనివారం హాలు నిండింది. ఆదివారం మనుషులు నిలబడి చూశారు. వెనకవీధి హాలు ముందు, వచ్చే వారం నుంచి ఇక్కడే అంటూ ఇంతెత్తు బొమ్మ లేచింది. గేటు దగ్గర ముసలాయన టికెట్లు చింపుతూ, "ఏం పిన్నీ, నీ నేల ఈసారి బోర్లాపడ్డట్టుందే" అన్నాడు. పిన్ని చీపురు చంకన పెట్టుకుని లోపలికి నడిచింది. ఇంట్లో కూతురు గిన్నెలతో మాట్లాడుతోంది గానీ తల్లితో మాట్లాడటం లేదు. అల్లుడు తలెత్తడం లేదు. ఆ రెండు రోజులూ పిన్నికి అన్నం సయించలేదు. తను చెప్పింది తప్పయితే హాలుకి హాలూ పోయింది, కూతురి బతుకూ పోయింది.

సోమవారం పొద్దుటి ఆటకి గేటు తెరిచారు. ముసలాయన కుర్చీలో కూర్చుని ఎదురుచూశాడు. పదకొండయింది. అరవైమంది వచ్చారు. మధ్యాహ్నం నలభై. పక్కింటావిడలు నోళ్ళు విప్పారన్నమాట.

చిన్నబాబు కిందికి దిగి వచ్చి క్యాంటీను ముందు నిలబడ్డాడు. "ఒక పొట్లం ఇవ్వు" అన్నాడు. అల్లుడు ఇచ్చాడు. చిన్నబాబు ఒక గింజ, మరో గింజ, మెల్లగా నమిలి, పొట్లమంతా పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. క్యాంటీను అల్లుడికే ఉంటుందని అందరికీ అర్థమయింది. ఆ రాత్రి కూతురు పిన్నికి కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, "తిను" అంది. అంతే. అదైనా మూడు రోజుల తర్వాత మొదటి మాట.

శుక్రవారం చిన్న సినిమా ఒకటి వేశారు. హీరో ఎవరో ఎవరికీ తెలియదు, పోస్టరు కూడా అరచెయ్యంత. పొద్దుటి ఆటకి నూటపాతిక మంది. ఆట వదిలాక పిన్ని లోపలికి వెళ్ళింది. ఈసారి తొందరపడలేదు. ముందు నేలంతా వంగి చూసింది. తునకలు లేవు. నాలుగో వరసలో ఒక పొట్లం, సగందాకా నిండుగా, పడిపోకుండా సీటు కాలికి ఆనించి ఉంది. మళ్ళీ తిందామని పెట్టి మరిచిపోయినట్టు.

మెట్ల మీద చిన్నబాబు నిలబడ్డాడు. "ఏమంటోంది పిన్నీ?"

"ఉండు బాబూ" అంది పిన్ని. వంగి, ఆ పొట్లంలోంచి ఒక్క గింజ తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమలడం మొదలుపెట్టింది.