ఆశమ్మ చెప్పిన మైసూరు

2017 చలికాలం. మక్తల్ నుంచి బస్సు టూర్లు నడపడం మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్లయింది నాకు. మా పనికి ఐటినరరీ ప్రాణం. అంటే ఎక్కడ ఎంతసేపు ఆగాలో ముందే వేసుకునే లెక్క. అది తప్పిందంటే ఒంటికాలి మీద లేస్తాను. టిఫిన్ అయ్యాక కూడా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. డ్రైవరు నన్ను చాటుగా హెడ్మాస్టరని పిలుస్తాడని నాకు తెలుసు.

ఆసారి ఒకే ఊరి ఆడవాళ్లు మైసూరు చూడాలని బస్సు మాట్లాడుకున్నారు. వాళ్లలో ఆశమ్మ అనే పెద్దావిడ, ఆమె కూతురు జయమ్మ ఉన్నారు. దారి పొడుగునా ఆశమ్మదే రాజ్యం. వెండి తలుపులట, ముఖం కనిపించే నేలట, రాజు కూర్చునే బంగారు గద్దెట. "మా ఆశమ్మ ఎన్నడో చూసొచ్చింది. నీ గైడు మాకెందుకు సారూ?" అని తక్కినవాళ్లు నన్ను ఆట పట్టించారు.

పొద్దున శ్రీరంగపట్నంలో కావేరి స్నానాలకు ఆగాం. ఆశమ్మ తడి తలతో బస్సు వెనకాల నిలబడి నన్ను సైగ చేసి పిలిచింది.

"కొడుకా, కోటల నన్నేం అడగొద్దని నీ గైడుకు జర చెప్పు."

"ఎందుకు పెద్దమ్మా?"

"నేను లోపలికి పోనే పోలే."

అది పాతికేళ్లకు పైబడిన మాట. మేస్త్రీ వెంట వలసపోయి, ప్యాలెస్ పక్క రోడ్డు మీద టెలిఫోన్ తీగల కోసం కాలువ తవ్విందట. జయమ్మ అప్పుడు చిన్నపిల్ల. అమ్మమ్మ దగ్గర వదిలిపోయిందట.

"తిరిగొచ్చేసరికి పోరి నన్ను గుర్తువట్టలే. పిలిస్తే మా అమ్మ కొంగు వట్టుకున్నది. గప్పుడు రాజు కోట చూసొచ్చిన, చెప్తా దా అన్న. అది ఇనేందుకే నా కాడికొచ్చింది. రోజుకింత కల్పించి చెప్పిన. ఇయ్యాల అంత అబద్ధమని తెలిస్తే నన్నేమనుకుంటది బిడ్డా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూసుకుంటానని మాటిచ్చాను.

మైసూరులో దిగగానే మొదటి చిక్కు వచ్చింది. "గిట్ల రండ్రి" అంటూ ఆశమ్మ అందరినీ వెంటేసుకుని ఒక పక్కగేటు వైపు నడిచింది. కూలీగా ఉన్న రోజుల్లో ఆమె ఎరిగిన గేటు అదొక్కటే. దానికి తాళం వేసుంది. టికెట్లిచ్చే గేటు అటు పక్కనుంది. ఈమధ్య మార్చారని నేను అబద్ధమాడాను. జయమ్మ తాళం వైపు కాసేపు చూసి మా వెనకే నడిచింది.

లోపల గైడు, నేను చెప్పిపెట్టినట్టే, ప్రతిదీ తనే ముందు చెప్పాడు. ఆశమ్మ తలూపుతూ పోయింది. వెండి తలుపులు నిజంగానే ఉన్నాయి. అక్కడ అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆమే. ఇంతలో ఒకావిడ బంగారు గద్దె ఏదని నిలదీసింది. దాన్ని దసరాకే బయట పెడతారని గైడు చెప్పాడు. అది నిజమే గనక నేనూ గట్టిగా వంత పాడాను.

ఆదివారం కాబట్టి చీకటి పడ్డాక ప్యాలెస్‌కు దీపాలు పెడతారు. అవి చూడటానికి బయట రోడ్డు మీద నిలబడ్డాం. ఒక్కసారిగా కోటంతా వెలిగింది.

"అమ్మా, నువ్వు చెప్పినట్టే ఉన్నది" అంది జయమ్మ.

ఆ మాట ఆశమ్మ తట్టుకోలేకపోయింది. "నేను చూడలే జయమ్మా. గీ రోడ్డు మీద కాల్వ తవ్విన. లోపలికెవరు రానిస్తరు మమ్ముల?" అంది.

పక్కనున్న నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

"గేటు కాడనే అనుకున్న" అంది జయమ్మ.

"మరి అడగకపోతివి?"

"ఏమని అడగాలె? కోట ముచ్చట చెప్పినవ్ గనకనే నీ పక్కల పండుకున్న. లేకుంటె అవ్వ కాడనే ఉందును." తర్వాత తల్లి చెయ్యి పట్టుకుంది. "యాడ తవ్వినవో సూపియ్యి."

దీపాలకు వీపు పెట్టి ఇద్దరూ ఫుట్‌పాత్ వెంట నడిచారు. ఆశమ్మ ఒకచోట ఆగి కాలితో నేల చూపిస్తోంది. ఇంకోచోట, ఇక్కడ గుడిసె వేసుకున్నామని కాబోలు, చేతులతో చూపిస్తోంది. జయమ్మ అక్కడ కూర్చుంది. బస్సుకు వేళైందని డ్రైవరు హారన్ కొట్టాడు. ఆపమని అరిచాను. హెడ్మాస్టరుకు ఏమైందోనని వాడు తలకాయ బయటపెట్టి చూశాడు.

వలస కూలికి పోయే మా పాలమూరు జిల్లా వాళ్లకు పెద్ద ఊళ్లు కొత్తేమీ కాదు. అక్కడి రోడ్లలో, కాలువల్లో వాళ్ల కష్టం ఉంది. ఇప్పుడు టూరు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లను, ఆ ఊరికి ఇదివరకు ఎవరైనా పనికి పోయారా అని ముందే అడుగుతాను. పోయామంటే ఆ చోటునూ ఐటినరరీలో వేస్తాను. కోటల దగ్గరకంటే అక్కడే ఎక్కువసేపు నిలబడతారు.