రేపల్లె బండిలో కునుకు

మా తోడల్లుడు సుబ్బారావుకు కొల్లిపరలో పొలముంది. దాని మీద నాకు అసూయ లేదు. తెనాలిలో మేడ కడుతున్నాడు. దాని మీద కొంచెం ఉంది. అసలు అసూయంతా ఆయన నిద్ర మీద. చెక్కబల్ల దొరికినా చాలు, నిమిషంలో గురక పెడతాడు. నేను పరుపు మీద పడుకుని కూడా, తలుపు గడియ వేశానో లేదోనని పదేపదే లేచే మనిషిని. "ఈ బెంగలు మానండి, నిద్ర అదే వస్తుంది" అన్నారు బాపట్ల డాక్టరుగారు. ఎలా మానాలో మాత్రం చీటీలో రాయలేదు.

రేపల్లెలో మామగారి షష్టిపూర్తి. మా ఆవిడ ముందే వెళ్ళింది. ఆరు గంటల పాసింజరుకు నేను ఐదింటికే బాపట్ల స్టేషన్లో ఉన్నాను; టిక్కెట్ల కిటికీ ఇంకా తెరవలేదు. తెనాలిలో బండి మారాలి. వ్యవధి ఉంటుంది కనుక ఈ దారిన వెళ్ళేవారు స్టేషన్ బయట ఇడ్లీ తినవచ్చు. బండి వెళ్ళిపోతుందన్న భయంతో నేను తినలేదు. అక్కడే కలిసిన సుబ్బారావు తీరిగ్గా తిని, కాఫీ తాగి, కూత వేశాక ఎక్కాడు.

"ఎండ మీ మీద పడుతోంది, ఇటు రండి అన్నయ్యగారూ" అంటూ, నేను అంతసేపు కాపాడుకున్న కిటికీ పక్క చోటులో కూర్చున్నాడు. చినరావూరు రాకముందే ఆయనకు కునుకు, నాకు కినుక.

బండి ఆగినచోటల్లా ఆయన బొజ్జ మీదుగా తల బయటపెట్టి "ఏ స్టేషనండీ?" అని అడిగాను. జంపని అన్నారు, వేమూరు అన్నారు. భట్టిప్రోలులో బెండకాయల గంపతో ఎక్కిన ముసలమ్మ నన్ను చూసి జాలిపడింది.

"ఎక్కడ దిగాలి బాబూ?"

"రేపల్లెలో."

"ఓరి నాయనో! ఆఖరి స్టేషనుకి ఇంత ఆరాటమేంటి?"

సుబ్బారావు కళ్ళు తెరవకుండానే అన్నాడు: "రేపల్లె తర్వాత పట్టాల్లేవు అన్నయ్యగారూ. మనం దిగకపోయినా బండే ఆగిపోద్ది."

పెట్టె అంతా నవ్వింది. బొగ్గు నలుసు పడినట్టు నేను కళ్ళు నులుముకున్నాను.

విందు అయ్యాక, వరండాలో, అభిమానం చంపుకుని అడిగాను: "ఎలా పడుతుందయ్యా నీకా నిద్ర?"

"నాకూ ఉండేదండీ ఆ జబ్బు. మాది ఏటి ఒడ్డు గదా, వరదొస్తే గట్టు మీదే కూర్చుని నీళ్ళకేసి చూసేవాణ్ణి. నేను చూశానని ఏరు తగ్గలేదు, చూడలేదని పెరగలేదు. చూడ్డం మానేశా."

జ్ఞానం కూడా ఆయనకే దొరికిందని మరింత కుళ్ళుకున్నాను.

మర్నాడు సాయంత్రం తిరుగు ప్రయాణం. ఆవిడ పుట్టింట్లోనే ఉండిపోయింది, సుబ్బారావు తెనాలిలో దిగిపోయాడు. బాపట్ల వైపు బండిలో టిక్కెట్టు జేబులో వేసి, ఇక తడమకూడదనుకున్నాను. స్టేషన్ పేరు అడగకూడదనుకున్నాను. నిడుబ్రోలు దాకా గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి ఎదుటాయన నన్నే చూస్తున్నాడు.

"బాపట్ల వచ్చిందాండీ?"

"ఎప్పుడో దాటిందండీ. వచ్చేది చీరాల. మీరు పడుకున్న తీరు చూస్తే లేపబుద్ధి కాలేదు."

ఆయన చెయ్యి చొక్కా జేబులో టిక్కెట్టును తడుముతూనే ఉంది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా సుబ్బారావు మీద నేను పడేస్తున్నది అదే.

చీరాలలో దిగి, వెనక్కి బండి ఎప్పుడని ఎవరినీ అడక్కుండా ఇడ్లీ తిన్నాను.