డిక్కీలో నాలుగు బియ్యం మూటలు

మొన్న శుక్రవారం సెలవని మహబూలాలో మా బావమరిది గదికి భోజనానికి వెళ్తే, కోడికూర ఇంకా పొయ్యి మీద ఉండగానే వాడు తన ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "ఇది చూడు బావా, కువైట్లో మంచు పడిపోయింది" అన్నాడు. చూద్దును కదా, దక్షిణం వైపు వెళ్ళే పెద్దరోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా ఉంది, దాని మీద రెండు తలుపుల పొట్టి కారొకటి తోక ఊపుకుంటూ వచ్చి, రెండు చుట్లు గిర్రున తిరిగి, డివైడరు పక్కన ఆగిపోయింది. గదిలో కుర్రాళ్ళందరూ ఒకటే నవ్వు. అది మంచు కాదురా, వడగళ్ళు, పది నిమిషాల్లో నీళ్ళయిపోతాయి అన్నాను గానీ నా మాట ఎవరు వింటారు, ఈ వయసులో మన మాట ఎవరూ వినరని నా ఈడు వాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నా కళ్ళు మాత్రం ఆ కారు వెనక చక్రాల మీదే ఉండిపోయాయి. ఇంజను బలమంతా వెనక్కి వెళ్ళే బండి, డిక్కీ ఖాళీ, తిరగక ఏం చేస్తుంది అనుకున్నాను. ఆ తర్వాత కూర బాగుందా లేదా అని వాడు అడిగితే ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

అలాంటి బండిని నేను ఆరు చలికాలాలు నడిపాను. ఇప్పటి కార్లన్నీ ముందు చక్రాలతో లాక్కుపోయేవి, లేదా నాలుగూ తిరిగేవి. వెనక చక్రాలు తోస్తే ముందుకు వెళ్ళే బండి నేల జారితే చాలు, తోక ముందుకొస్తానంటుంది. నేను అమలాపురంలో అద్దె అంబాసిడర్ తోలిన వాణ్ణే, అదీ వెనక చక్రాల బండే, కానీ ముసలి గేదెలా దాని దారిన అది పోయేది. ఇది అలా కాదు, ముదురాకుపచ్చ రంగు స్పోర్ట్స్ కారు, ఎక్కితే చాప మీద కూర్చున్నంత కిందకి ఉంటుంది, యాక్సిలేటరు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, ఒళ్ళు వెనక్కి కొట్టుకుంటుంది.

అది మా బాబాది. బాబా అంటే నా కఫీలు, నన్ను వీసా ఇచ్చి తెచ్చుకున్న ఇంటి యజమాని. కుర్రతనంలో జర్మనీలో చదువుకుంటూ అక్కడ కొన్నాడట, నాలుగేళ్ళు అక్కడి మంచులో దాన్నే నడిపాడట, చదువయ్యాక ఓడలో వేసి ఇంటికి తెచ్చుకున్నాడు. నేను వచ్చిన కొత్తలో దాన్ని తుడవడానికి కూడా నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నా పనల్లా మామాని, అంటే ఆ ఇంటి ఆవిణ్ణి, బజారుకి తిప్పడం, పిల్లల్ని బడికి దింపడం. అయితే షుగరు వచ్చి బాబా చూపు మసకబారడం మొదలయ్యాక, ఒకరోజు పొద్దున్న ఆయనే వచ్చి ఆ కారు తాళాలు నా చేతిలో పెట్టి, తను పక్కసీట్లో కూర్చున్నాడు.

ఇక్కడ చలికాలం వస్తే ఇంట్లో వాళ్ళందరూ ఎడారిలో గుడారాలు వేసుకుంటారు, మా వాళ్ళవి కబ్ద్ అనే చోటు దాటాక ఉండేవి. ఇంట్లో ఇసుకలో పోయే పెద్దబళ్ళు మూడున్నా, బాబా మాత్రం ఆ పొట్టి కారులోనే వస్తానని పట్టుబట్టేవాడు. తారురోడ్డు మీద పర్వాలేదు, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరుచుకున్న చోట జాగ్రత్తగా వెళ్తే సరి, రోడ్డు దిగి గుడారం దాకా ఉండే మెత్తనేల మాత్రం యమగండం. అందుకని ఆయన నాకు మంచులో నేర్చుకున్న విద్యంతా ఇసుకలో నేర్పాడు. కాలు బరువుగా వేయకు, బ్రేకు మర్చిపో, తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పు, డిక్కీలో బరువు పెట్టు. జర్మనీలో ఇసుక బస్తాలు పెట్టేవాడట, ఇక్కడ ఇసుకకి ఇసుక ఎందుకని ఇరవై కిలోల బియ్యం మూటలు నాలుగు పెట్టించేవాడు. గుడారంలో వంటకి పనికొస్తాయి అనేవాడు గానీ, వాటి మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ఈ బియ్యం ఎడారికి షికారు వెళ్ళొస్తున్నాయి తప్ప ఒక్క గింజా ఉడకడం లేదని మామా ఎన్నిసార్లు గొణిగిందో లెక్క లేదు.

ఇంకొకటి, టైర్లలో గాలి. మెత్తనేలలోకి దిగే ముందు వెనక టైర్లలో గాలి తగ్గించాలి, అప్పుడే టైరు పరుచుకుని నేలని పట్టుకుంటుంది, గట్టిగా ఉంటే తవ్వుకుంటూ కిందకి పోతుంది. రోడ్డు అంచున ఆగగానే బాబా కళ్ళు మూసుకుని, "హవా?" అనేవాడు. నేను దిగి గాలి వదిలి, వేలితో నొక్కి చూసి, "తమామ్, బాబా" అనేవాణ్ణి. అంతా సరిగ్గా ఉందన్న ఆ మాట వినపడితేనే ఆయన కళ్ళు తెరిచేవాడు. ఆరు చలికాలాల్లో ఒక్కసారి కూడా కిందకి దిగి చూసుకోలేదు, చూసినా ఆయనకి ఏమంత కనిపించేది కాదనుకోండి.

గుడారాల దగ్గర కాపలాకి, మేకల్ని చూడ్డానికి కడప తమ్ముడొకడు ఉండేవాడు. మా యాస విని వాడు నవ్వేవాడు, వాడి యాస విని నేను నవ్వేవాణ్ణి, ఆ చలిలో రేకుల షెడ్డు వెనక ఇద్దరం నల్లటీ తాగుతూ కూర్చుంటే మాత్రం ఇద్దరిదీ ఒకే ఊరన్నట్టు ఉండేది. బండి రోడ్డు దిగే చప్పుడు వినగానే వాడు పార పట్టుకుని సిద్ధంగా నిలబడేవాడు, అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆరో చలికాలం మొదట్లో పెద్దకొడుకు నన్ను మగవాళ్ళు కూర్చునే దీవానియా గదిలోకి పిలిచాడు. నాన్నకి వచ్చే వేసవి దాటితే ఆ చూపు కూడా ఉండదని డాక్టరు చెప్పాడని, లైసెన్సు ఎప్పుడో అయిపోయిందని, ఆయన ఎప్పుడైనా స్టీరింగు పట్టుకుంటానంటాడని, పట్టుకున్నాడని తెలిస్తే ఇఖామా, అంటే నేనిక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి మర్నాడే ఇంటికి టికెట్టు చేతిలో పెడతానని, గట్టిగా అరవకుండానే చెప్పాడు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు, అలా నెమ్మదిగా చెప్పేవాళ్ళంటేనే భయం. మా అమ్మాయి కాకినాడలో నర్సింగు రెండో ఏడు చదువుతోంది అప్పుడు. నేను తల ఊపి బయటికి వచ్చాను.

ఆ తర్వాత పది రోజులకి, గుడారం ముందు ఎండలో కూర్చుని ఉండగా, బాబా అడగనే అడిగాడు. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపిన మా ఇద్దరి భాషలో అడిగిన దాన్ని నా మాటల్లో చెప్తున్నాను. "ఇక్కడి నుంచి రోడ్డు దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. ఒక్కసారి. పగలు వెలుతురు బాగున్నప్పుడు. నువ్వు పక్కనే కూర్చో. వచ్చే ఏడాది నాకిది ఉండదు." యజమాని పనివాణ్ణి అడిగే తీరు కాదది. రేపు చూద్దాం బాబా అన్నాను. మర్నాడూ అడిగాడు, ఎల్లుండి అన్నాను.

మీరే చెప్పండి, ఏం చేయమంటారు. కాదంటే కఫీలుని కాదన్నట్టు, సరే అంటే కొడుకుని కాదన్నట్టు, రెండు వైపులా టికెట్టే. నిజం చెప్పాలంటే టికెట్టు భయం ఒక్కటే కాదు, ఆయన మొహం చూస్తూ వద్దు అనే ధైర్యం నాకు లేకపోయింది. ఈ దేశంలో మాలాంటి వాళ్ళం అలవాటు చేసుకున్న పద్ధతి ఒకటుంది, ఎవరికీ ఎదురు చెప్పం, అవునంటూనే పని జరక్కుండా చూస్తాం. బ్యాటరీ పోయింది బాబా అంటాం, ఆ షాపు మూసేశారు మామా అంటాం. అందరికీ మర్యాద మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదనుకుంటాం. నేనూ అదే చేశాను, నా బతుకులో నేను చేసిన పాడుపని అదొక్కటే.

ఆ వారం కొడుకులు పనుల మీద ఊళ్ళోకి వెళ్ళిన రోజు, బాబా మధ్యాహ్నం ప్రార్థనలో ఉండగా, నేను డిక్కీ తెరిచి బియ్యం మూటలు నాలుగూ దించి వంటగుడారంలో పెట్టేశాను. పెద్దబండిలో ఉండే గాలిపంపు తెచ్చి వెనక టైర్లు రెండూ రాయిలా అయ్యేదాకా కొట్టాను. కడప తమ్ముడు మేకల దగ్గర నుంచి చూసి వచ్చి, "ఏందన్నా, మూటలెందుకు దించినావు? బండి కూరకపోతాది గదా" అన్నాడు. నువ్వు మాట్లాడకు అన్నాను. అప్పుడు నా లెక్క ఒకటే, బండి పది గజాలు పోయి ఆగుతుంది, ఈ నేల బాగాలేదు బాబా అని నేను అంటాను, ఆయన ఇసుకని తిట్టుకుని దిగిపోతాడు.

ప్రార్థన అయ్యాక వెళ్ళి, ఇవాళ మీరే తోలండి బాబా అన్నాను. బాబా శుభ్రంగా తలపాగా సర్దుకుని, చేత్తో తలుపు తడుముకుంటూ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం సర్దాడు, సీటు ముందుకి జరిపాడు, గేరు మీద అరచెయ్యి ఆనించాడు. ఆయన మొహంలో నేను అంతకు ముందెప్పుడూ చూడని సంతోషం కనపడింది. అప్పుడైనా నోరు తెరిచి ఉండాల్సింది. కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే, "హవా?" అన్నాడు.

"తమామ్, బాబా" అన్నాను.

ఆయన తప్పు ఒక్కటీ చేయలేదండి, ఇది మాత్రం ఎవరి ముందైనా చెప్తాను. ఎంత మెల్లగా కాలు ఆనించాడో, క్లచ్చు ఎంత నాజూగ్గా వదిలాడో, నేను ఆరేళ్ళలో ఒక్కసారీ అలా చేయలేకపోయాను. బండి కదిలింది, పదిహేను గజాలు పోయింది, మెత్తనేల మొదలవగానే వెనక చక్రాలు ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. వెంటనే కాలు తీసేశాడు. రివర్సు వేసి కొంచెం వెనక్కి, మళ్ళీ కొంచెం ముందుకి, ఊయల ఊపినట్టు ఊపాడు. వేరే రోజైతే, వేరే టైర్లైతే బయటికి వచ్చేసేదే. నాలుగోసారికి తోక ఇసుకలో కూర్చుండిపోయింది, ఇంజను ఆగిపోయింది.

నేను అనుకున్న మాట అనడానికి నోరు తెరిచాను. ఈ నేల బాగాలేదు అనాలి. కానీ బాబా ఇసుకని తిట్టలేదు. స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటి వైపు చూస్తూ, అవి ఆయనకి ఎంత వరకు కనిపిస్తున్నాయో నాకు తెలీదు, "ఖలాస్. చేతులు మర్చిపోయాయి" అన్నాడు.

కడప తమ్ముడూ నేనూ కలిసి ఇసుక తవ్వాం. ఆయన గుడారం వైపు తిరిగి నిలబడి ఉండగా నేను టైర్లలో గాలి తీశాను, తమ్ముడు మూటలు ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చి చప్పుడు కాకుండా డిక్కీలో పెట్టాడు. ఈసారి నేను కూర్చున్నాను, ఆయన పక్కన కూర్చున్నాడు. బండి వెన్నలోంచి కత్తి తీసినట్టు ఆ గుంటలోంచి లేచి బయటికి వచ్చింది. ఆయన నా భుజం మీద చెయ్యేసి, నువ్వు మంచి డ్రైవరువి, నాకన్నా మంచి డ్రైవరువి అయ్యావు అన్నాడు. నాకు అక్కడికక్కడ చచ్చిపోదామనిపించింది. చావలేదు, బండి తెచ్చి నీడలో పెట్టి అద్దాలు తుడిచాను.

సాయంత్రం కొడుకులు రాగానే ఆయనే అంతా చెప్పేశాడు, డ్రైవరు తప్పేమీ లేదు, నేనే బలవంతం చేశాను, నాకింక చేతకాదు, ఆ కారు అమ్మేయండి అని. పెద్దకొడుకు తర్వాత నన్ను పక్కకి పిలిచి చాలా తెలివిగా చేశావని మెచ్చుకున్నాడు, అతనికి ఏదో అర్థమైనట్టే ఉంది. కడప తమ్ముడు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు టీ గ్లాసు చేతికిస్తూ, "ఆయప్పకి వద్దని చెప్పింటే సరిపోతాండె గదన్నా. ఒగ పొద్దు కోప్పడతాండె, అంతే" అన్నాడు. వాడన్నది నిజం. ఏ రకంగా తిప్పి చూసినా నిజమే.

కారు ఆ నెలలోనే అమ్ముడుపోయింది. బాబా తర్వాత ఇంకో రెండు చలికాలాలు ఎడారికి వచ్చాడు, పెద్దబండిలో వెనక సీట్లో, మనవల మధ్య. రోడ్డు అంచున ఆగినప్పుడు గాలి సంగతి ఒక్కసారీ అడగలేదు. నేను నడుపుతూ అద్దంలో ఆయన్ని చూసేవాణ్ణి, ఈ రోజు చెప్పేద్దాం అనుకునేవాణ్ణి, అమ్మాయికి ఉద్యోగం రానీ, అప్పుడు చెప్దాం అనుకునేవాణ్ణి. అమ్మాయికి ఉద్యోగం వచ్చిన ఏడాదే బాబా పోయాడు.

పెద్దకొడుకు నన్ను పంపించలేదు, ఇప్పటికీ నా ఇఖామా అతని పేరు మీదే నడుస్తోంది, నమ్మకస్తుడని నలుగురిలో చెప్తాడు. మనవలు కొన్న బళ్ళలో ఇసుకకి ఒక మీట, వానకి ఒక మీట, మంచుకి ఒక మీట ఉంటాయి. అది నొక్కి ఫోను చూసుకుంటూ పోతారు, చక్రాల సంగతి చక్రాలే చూసుకుంటాయి. మూటలు పెట్టేవాళ్ళు లేరు, గాలి ఎంతుందని పక్కవాణ్ణి అడిగి, వాడి మాట నమ్మి కదిలేవాళ్ళు అసలే లేరు. నాకూ ఓపిక అయిపోయింది, ఇంటికి వెళ్ళిపోదామంటే అక్కడ ఏం చేస్తానని భయం, ఉందామంటే నడుము నొప్పి. ఇన్నేళ్ళూ ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పలేదు, మీకెందుకు చెప్పానో నాకే తెలీదు. బాబా చేతులు ఏమీ మర్చిపోలేదండి. ఇప్పుడా సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.