అమ్మకానికి లేని ఎద్దు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ నోటి వెంట రానివ్వని మాట ఒకటుండేది: ‘బాగుంది’. ప్రొద్దుటూరు బజారులో మాది బట్టల అంగడి. నచ్చిన సరుకును మెచ్చుకుంటే అమ్మేవాడు బిగుసుకుంటాడని, కొనదలచిన దానికి ముందు వంక పెట్టాలని మాకు ఉగ్గుపాలతోనే నేర్పారు. మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, ఈ విద్యలో ఆరితేరింది. ఆమె చూపు పడితే నవనవలాడే వంకాయలు కూడా తమలో పుచ్చులున్నాయేమోనని అనుమానపడేవి. నేను ఆమెకు తగ్గ శిష్యురాలిని. కొత్త పావడా కట్టుకుని గిరగిరా తిరుగుతూనే, అంచు వెలిసిందనేదాన్ని.

అలాంటి ఇంటికి చిన్నాన్న భార్యగా మా చిన్నమ్మ వచ్చింది. లింగాల వైపు సేద్యగాళ్ళ పిల్ల. ఆమె వంటను మేం మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటూనే ఉప్పు ఎక్కువనీ, పులుపు తక్కువనీ అనేవాళ్ళం. మా ఇంట్లో మెప్పంటే అదే. పాపం, ఆమెకెలా తెలుస్తుంది? ఒకరోజు పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకుంటూ, ఆదివారం వాళ్ళన్న వస్తే పుట్టింటికి పోతాననీ, మళ్ళీ రానేమోననీ నాతో అంది. నేను ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను. నొప్పి తెలియకుండా చిక్కు తీసి జడ వేసే చెయ్యి ఆ ఇంట్లో ఆమెదొక్కటే.

పోయేలోగా ఒక్కసారి ఎద్దుల ఆవుల గుండు చూడాలని చిన్నమ్మ అడిగింది. ముద్దనూరు దారిలో, చింతకుంట దగ్గర, ఏ కాలం మనుషులో ఎర్రమట్టి రంగుతో బొమ్మలు వేసిన బండ అది. టికెట్టు లేదని తెలిశాక జేజి సరేనంది. జమ్మలమడుగులో బస్సు మారి, దిగినచోటి నుంచి ముళ్ళకంపల మధ్య నడిచి, ముగ్గురం చెమటలు కక్కుతూ ఆ గుండు నీడకు చేరాం.

తలెత్తితే ఎద్దు. ఎత్తైన మూపురం, వంపు తిరిగిన కొమ్ములు, ఇప్పుడే మందలోంచి విడివడి వచ్చినట్టు నడక. పక్కన జింకలు, ఓ నక్క. ఒళ్ళు ఝల్లుమంది. ఆ వెంటనే అలవాటు పైకి తన్నుకొచ్చింది.

“మూపురం శానా పెద్దది. కాళ్ళు చూస్తే పుల్లలు. రంగు గూడా వెలిసింది,” అన్నాను మొహం చిట్లించి.

“కొమ్ములు గూడా సమంగా లేవు,” అని జేజి అందుకుంది.

చిన్నమ్మ ముందు బిత్తరపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. “యెవురితో బేరం ఆడతాండారత్తా? ఆ ఎద్దును గీసినోడు పోయి యెన్ని వేల ఏండ్లాయనో! వాడొచ్చి ధర పెంచడు లే. నోరు తెరిచి చెప్పండి, యెట్లుందో.”

జేజి దొరికిపోయింది. చుట్టుపక్కల అంగడివాళ్ళెవరూ లేరని తేల్చుకుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. గొంతు సవరించుకుని, అప్పుడే నడక నేర్చిన పిల్లలా తడబడుతూ “బాగుంది,” అంది. నేనైతే అరిచాను. బండ నా మాటను, ఏమీ తగ్గించుకోకుండా, నాకే తిరిగిచ్చింది. ఇక మాకు పట్టపగ్గాల్లేవు. జింక బాగుంది, నక్క బాగుంది, గాలి బాగుంది, చివరికి కాలికి గుచ్చుకున్న ముల్లు కూడా బాగుంది.

చిన్నమ్మ క్యారేజీ విప్పి ఓళిగలు, అంటే బొబ్బట్లు, పెట్టింది. “ఈటిని గూడా నేను అమ్మడం లేదత్తా,” అంది, ఎద్దు వైపే చూస్తూ. నవ్వుతూనే అంది గానీ, తను మాత్రం ఒక్కటీ తీసుకోలేదు.

జేజి ఒకటి తిని ఇంకొకటి తీసుకుంది. “బెల్లం...” అని మొదలుపెట్టి, ఆగి, తలెత్తి ఎద్దును చూసింది. “బాగుండాయి అమ్మీ. నువ్వొచ్చినకాన్నుంచీ నీ చేతివన్నీ బాగానే ఉండాయి. నచ్చని సరుకుకు మేం వంక గూడా పెట్టం, గమ్మున లేచిపోతాం. ఇన్నాళ్ళూ నీ వడ్డన కాడ్నుంచి యెప్పుడన్నా లేచిపోయినామా?”

చిన్నమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వుతూనే. ఆదివారం వాళ్ళన్నతో పోయింది గానీ, వారం తిరక్కముందే వాళ్ళ చేని చెనక్కాయల మూటతో వాకిట్లో దిగింది. అవి బాగున్నాయని నేను మూట విప్పకముందే చెప్పేశాను.

ఇప్పటికీ చీరల అంగడిలో గుమాస్తాల చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాను. ఆ విద్య పోలేదు, పోనివ్వను. ఇంట్లో మాత్రం మా ఆయన కాఫీ పెట్టి ఇస్తే మొదటి గుక్కకే బాగుందంటాను. “ఏం కావాల నీకు?” అని ఆయన ఇన్నేళ్ళయినా అనుమానంగానే చూస్తాడు. నాకు ఆ ఎద్దు గుర్తొస్తుంది. ఏమీ వద్దని, కప్పు ఖాళీ చేసి, మళ్ళీ అదే మాట చెప్తాను.